ఫంక్షన్ హాల్లో నా గొంతు

నరసరావుపేట నుంచి వినుకొండ వెళ్లే దారిలో ఒక ఏసీ ఫంక్షన్ హాలు ఉంది. మా చుట్టాల్లో ఎవరైనా దాని మాట ఎత్తితే ముందు నా వైపు చూస్తారు, ఆ తర్వాత మాట మారుస్తారు. మా చెల్లి పెళ్లి అక్కడే జరిగింది. పెళ్లికొడుకూ పెళ్లికూతురూ ఒకరి నెత్తిన ఒకరు జీలకర్ర బెల్లం పెట్టుకోబోయే సమయానికి, "ప్రమాదం. దయచేసి అందరూ వెంటనే బయటికి వెళ్లండి" అని హాలంతా మోగింది. ఆ గొంతు నాది. నేనేమో కింద కుర్చీల మధ్య, చేతిలో అక్షింతలు పట్టుకుని, నోరు మూసుకుని నిలబడి ఉన్నాను.

ఇది ఎలా జరిగిందో ఎంతోమందికి చెప్పాను. సగం విని "సర్లే, అయిపోయిందిగా" అనేవాళ్లే గానీ పూర్తిగా విన్నవాళ్లు ఒక్కరూ లేరు. వినిపించే ఓపిక నాకూ పోయింది కాబట్టి రాస్తున్నాను.

మాది కారంపూడి దగ్గర పల్లెటూరు. నాన్నది పత్తి, మిరప సేద్యం. అమ్మ మేము బడికెళ్లే రోజుల్లోనే పోయింది. చెల్లికి జడలు వేసింది, జ్వరమొస్తే పక్కన పడుకుంది, పరీక్షలప్పుడు లేపింది నేనే. ఇంజనీరింగ్ అయ్యాక నాకు ఉద్యోగం వచ్చింది. "ఏం పని చేస్తావమ్మా?" అని ఊళ్లో అడిగితే చెప్పడానికి తంటాలు పడేదాన్ని. చివరికి "ఏసీలు బిగిస్తదంట" అని వాళ్లే తేల్చేశారు.

నేను ఏసీలు బిగించను. పెద్ద హాళ్లలో, ఆసుపత్రుల్లో ఒక్కో ఏసీ యంత్రానికి, ఒక్కో ఎగ్జాస్ట్ ఫ్యానుకి, పొగ కనిపెట్టే సెన్సర్లకి వేరువేరు కంట్రోలర్లు ఉంటాయి. గోడకి బిగించిన పెట్టెలో అరచేతంత బోర్డు, అంతే. ఆ బోర్డులన్నిటినీ ఒకే జత తీగ మీద వరసగా కలిపి, ఒక్కోదానికి ఒక్కో నంబరిచ్చి, ఒకదాని మాట ఇంకోదానికి అందుతోందో లేదో పరీక్షించడం నా పని. పొరపాటున రెండింటికి ఒకే నంబరిస్తే రెండూ మూగబోతాయి. ఓపికగా వెతుక్కోవాలి తప్ప, కోప్పడితే లాభం లేదు. మా చుట్టాల మధ్య పెరిగినదానికి ఈ పని సెలవులాగా ఉండేది. బోర్డుకి ఒకటి చెబితే అదే అర్థమవుతుంది. దానికి సొంత అభిప్రాయాలు ఉండవు.

ఆ ఫంక్షన్ హాలు పని కంపెనీకి వచ్చినప్పుడు, ఆ ప్రాంతం పిల్లనని నన్ను పంపారు. యజమాని పత్తి వ్యాపారంలో పైకొచ్చిన పెద్ద రైతు. మొదటిరోజు నన్ను చూసి "ఆడపిల్లని పంపించారేంది?" అని నా ముందే ఫోన్లో అడిగాడు. నేను వినపడనట్టు నిచ్చెన ఎక్కాను. తర్వాత్తర్వాత బాగానే ఉండేవాడు. పొగ సెన్సర్లని పరీక్షించడానికి వాడే స్ప్రే డబ్బా అయిపోతే ఇంటి నుంచి సాంబ్రాణి తెచ్చి, ధూపం గిన్నె పట్టుకుని నిచ్చెన మీద నిలబడ్డాను. ఆయన కింద నుంచి చూసి "మా హాలుకి మొదటి ధూపం నువ్వే వేశావమ్మా" అని మురిసిపోయాడు.

అప్పుడు స్టేజీ హాలుకి తూర్పు చివర ఉండేది. పెళ్లంటే హోమం ఉంటుంది కాబట్టి ఆ పొగ నేరుగా పైకి పోవడానికి స్టేజీ మీద వేరే ఫ్యాను పెట్టించాం. పడమటి చివర, గోడకి ఎత్తులో, హాల్లోని గాలిని వెనక్కి లాగే పెద్ద జాలీ ఉండేది. దాని లోపల పొగ సెన్సరు. ఆ జాలీలోకి పొగ వెళ్లిందంటే హాలు నిండా పొగ ఉన్నట్టే లెక్క. వెంటనే ఏసీ ఆగిపోవాలి, ఎగ్జాస్ట్ ఫ్యాన్లు తిరగాలి, తలుపులకున్న అయస్కాంతపు తాళాలు విడిపోవాలి, స్పీకర్లలో హెచ్చరిక రావాలి. ఈ వరసంతా మళ్లీ మళ్లీ చూసుకున్నాను. వంటశాల కింది అంతస్తులో ఉంది, గ్యాస్ బండలన్నీ అక్కడే. జనం పైన ఉంటారు. అలాంటి చోట ఈ పని కాస్త అటూ ఇటూగా చేస్తే నిద్రపట్టదు నాకు.

స్పీకర్లలో వచ్చే హెచ్చరికని కంపెనీ రికార్డు చేసి పంపాలి. అది రాలేదు. పరీక్ష ఆగిపోకూడదని మెట్ల దగ్గర నిలబడి నా ఫోన్లో నేనే చదివి పెట్టాను. తర్వాత మారుస్తానంటే యజమాని ఒప్పుకోలేదు.

"ఎందుకమ్మా మార్చడం? గొంతు గణగణా మోగుతుంది. వాళ్లు పంపేది యాడి గొంతో, మనోళ్లకి అర్థమయ్యుద్దో లేదో."

నిజం చెప్పాలంటే నాకూ గర్వంగానే ఉంది. చెల్లిని ఒకరోజు తీసుకెళ్లి వినిపించాను. అది కడుపు పట్టుకుని నవ్వింది. ఆ రోజు నుంచి ఇంట్లో నాన్న మొహం ఎర్రబడితే చాలు, నా గొంతు పెట్టి "ప్రమాదం. దయచేసి అందరూ వెంటనే బయటికి వెళ్లండి" అని వంటింట్లోకి పరిగెత్తేది. నాన్న కోపం నవ్వులోకి దిగిపోయేది. మా ఇంట్లో ఆ మాటకి అప్పట్లో ఉన్న అర్థం అది.

పని అప్పగించి విజయవాడలో ఒక ఆసుపత్రి సైటుకి వెళ్లిపోయాను. ఈలోగా మాచర్ల వైపు నుంచి చెల్లికి సంబంధం వచ్చింది. పెద్దదాన్ని పెట్టుకుని చిన్నదానికి చేయడమేంది అని చుట్టాలు గొణిగారు. నాన్న వెనకాడాడు. నేనే పట్టుబట్టాను. పిల్లవాడు చెల్లికి నచ్చాడు, చెల్లి వాళ్లకి నచ్చింది. నా పెళ్లి కోసం దాన్ని వరసలో నిలబెట్టడానికి ఇది రేషన్ షాపు కాదు. హాలు కూడా అదే అనుకున్నాం. "మా పిల్ల పనిచేసిన హాలే" అని నాన్న పెళ్లికొడుకు వాళ్లతో గొప్పగా చెప్పుకున్నాడు కూడా.

పెళ్లిరోజు పొద్దున హాల్లోకి అడుగుపెట్టి ఆగిపోయాను. స్టేజీ తూర్పున లేదు, పడమటి చివర ఉంది. బుకింగులు తగ్గాయని యజమాని వాస్తు చూసేవాళ్లని పిలిపించాడట. పెళ్లివాళ్లు కూర్చుంటే మొహం తూర్పుకి ఉండాలి, మీ స్టేజీ మీద పడమరకి వస్తోంది అన్నారట. అంతే, స్టేజీ అంతా ఎత్తి ఇటు పెట్టేశారు, ఆ తర్వాత మాదే మొదటి పెళ్లట. హోమం పొగ కోసం పెట్టిన ఫ్యాను అటు ఖాళీ గోడ మీద ఒంటరిగా ఉంది. పొగని కనిపెట్టే జాలీ సరిగ్గా పెళ్లిపీటల నెత్తిన ఉంది. దాని మీద బంతిపూల దండలు వేలాడదీశారు. స్టేజీకి రెండు వైపులా అలంకరణ వాళ్లు పొగ మిషన్లు సర్దుతున్నారు.

నేరుగా యజమాని దగ్గరికి పోయాను. స్టేజీ మార్చినప్పుడు సెన్సరు చోటు కూడా మార్చి మళ్లీ పరీక్షించాలని, ఈ పొగ మిషన్లు పెడితే అలారం మోగుతుందని చెప్పాను.

"అయితే ఆ సెన్సర్ తీసెయ్. నీ చేతిలో పనే గదా. పెళ్లయినాక మళ్లీ పెట్టు," అన్నాడు.

"అది తీస్తే కింద వంటింట్లో ఏమన్నా అయినా పైన తెలీదండీ. పొగ మిషన్లు మానేయండి, హోమం చిన్నగా కానివ్వండి, చాలు."

"పొగ లేకపోతే వీడియోవాళ్లు ఊరుకోరమ్మా. పొగ లేని పెళ్లి ఇప్పుడు యాడుంది?"

వాదించి ప్రయోజనం లేదని అలంకరణ పెద్దని పట్టుకున్నాను. మిషన్లు వేయబాకండి అని రెండు చేతులూ జోడించి చెప్పాను. సరే మేడమ్, సరే మేడమ్ అని తలూపాడు. ఆ తలూపుడు చూస్తే నాకు నమ్మకం కలగలేదు. నాన్న దగ్గరికి వెళ్లి, ఆ పొగ వేస్తే అలారం మోగుద్ది నాన్నా, నువ్వొకసారి గట్టిగా చెప్పు అన్నాను.

"ఏమే, శుభమా అని పెళ్లి జరుగుతుంటే మోగుద్ది మోగుద్ది అంటావేంది? పెళ్లోళ్లు వింటే ఏమనుకుంటారు?" అని నన్నే కసిరాడు.

పెళ్లోళ్లు విననే విన్నారు. పెళ్లికొడుకు తల్లి పక్కనే కుర్చీలో కూర్చుని కొప్పులో పూలు సర్దుకుంటోంది. ఆ చేతులు అలాగే ఆగిపోయాయి.

చివరికి చెల్లి గదికి వెళ్లాను. అలంకరణ సగంలో ఉంది. పెళ్లికి ముందు ఇద్దరూ ఎత్తిపోతల దగ్గర ఫోటోలు దిగారు, జలపాతం తుంపర తెల్లగా పరచుకుని వెనక ఏమీ కనపడకుండా. ఆ ఫోటోలు దానికి ప్రాణం. పెళ్లి కూడా అలాగే కనపడాలని పొగ అడిగింది ఇదేనట. సంగతి చెప్పాను.

"ఒక్క గంట ఆపెయ్యవే. ఒక్క గంట. నా పెళ్లి గదా," అంది.

ఆపడం నాకు పెద్ద పనేమీ కాదు. నా సంచిలో లాప్‌టాప్ ఉంది. ఆ కంట్రోలర్ నంబరు నాకు నోటికొచ్చు. కాఫీ తాగేలోపు అయిపోయే పని. కానీ పెళ్లి జరిగే గంటలోనే కదా ఆ హాల్లో జనం ఉండేది. ఖాళీ హాలుకి అలారం ఎందుకు? అదే దానికి చెప్పాను. కింద గ్యాస్ బండలున్నాయి, పైన మన ఊరంతా ఉంది, నేను ఆపనమ్మా, పొగ వద్దని నువ్వు చెప్పు అన్నాను. అది మొహం ముడుచుకుంది. "నువ్వెప్పుడూ ఇంతే" అంది. కాసేపటికి "సర్లే, వద్దని చెప్పిస్తా" అని అద్దం వైపు తిరిగింది. చెప్పించిందో లేదో నాకు ఇప్పటికీ తెలియదు, అడగలేదు.

ముహూర్తం దగ్గరపడింది. తెర పట్టుకున్నారు. పురోహితుడు చెయ్యెత్తగానే బాజాలు గట్టిమేళం అందుకున్నాయి. వీడియో అతను "పొగ, పొగ" అని అరిచాడు. మిషన్లు రెండూ బుసకొట్టాయి. తెల్లటి పొగ పెళ్లిపీటలు కప్పేసి, పూలదండల మీదుగా జాలీలోకి జరజరా పాకిపోవడం నేను కళ్లారా చూశాను. ఏసీ హోరు ఆగింది. తలుపుల తాళాలు టకటకా విడిపోయాయి. బాజాల మీదుగా నా గొంతు లేచింది.

మొదట కొందరు నవ్వారు. రెండోసారి అనేసరికి పిల్లల్ని చంకనేసుకుని ఆడవాళ్లు లేచారు. తెర పట్టుకున్న వాళ్లలో ఒకడు వదిలేసి పరిగెత్తాడు. పెళ్లికొడుకు ఉలిక్కిపడితే చేతిలోని జీలకర్ర బెల్లం కిందపడింది. పురోహితుడు మాత్రం మంత్రం ఆపలేదు. నేను జనానికి ఎదురీది గోడకున్న అలారం పెట్టె దగ్గరికి పోయి, నిజంగా మంట లేదని చూసుకుని, నా గొంతు నేనే నొక్కాను. తిరిగి వచ్చేసరికి కింద పడ్డదాన్నే ఎత్తి పెట్టించి తాళి కూడా కట్టించేశారు. చెల్లి కాటుక చెంపల మీదికి కారింది. అందరూ స్టేజీని వదిలి నన్ను చూస్తున్నారు. మోగింది నా గొంతు, ఆపింది నా చెయ్యి. ఇంకేం కావాలి వాళ్లకి.

"పొద్దున్నే అన్నది మోగుద్దని. అన్నట్టే మోగిచ్చింది," అంది పెళ్లికొడుకు తల్లి, నాకు వినపడేటట్టు. "పెళ్లిగాని అక్క. కడుపులో ఏం పెట్టుకుందో."

నేను దగ్గరికెళ్లి చెప్పాను. స్టేజీ మారడం, జాలీ, సెన్సరు, అన్నీ చేత్తో చూపించి చెప్పాను. ఆమె చాలా శ్రద్ధగా వింది. అంతా విన్నాక ఒకటే అడిగింది.

"ఆపడం వచ్చుగా నీకు? మరి ముందే ఎందుకు ఆపలా?"

ఇంతమందిలో నా పని గురించి సరైన ప్రశ్న అడిగిన మనిషి ఆమె ఒక్కతే. నేను చెప్పిన జవాబు మాత్రం ఆమెకి జవాబులా అనిపించలేదు. యజమాని అక్కడే ఉన్నాడు. స్టేజీ తనే మార్పించానని, పొద్దున నేను హెచ్చరించానని ఒక్క ముక్క అంటే చాలు. భోజనాల సంగతి చూడాలంటూ కిందికి దిగిపోయాడు. ఆ మనిషి వీపు తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

ఆ తర్వాత మాచర్లలో ఆ ఇంట్లో ఏం జరిగినా ఆ మోత ఖాతాలోకే పోయింది. బోరు ఎండింది, ఆ మోత వల్లే. మామగారికి షుగరు పెరిగింది, ఆ మోత వల్లే. ఆయన పెళ్లికి చాలా ముందు నుంచి జిలేబీలు తింటున్న సంగతి ఎవరికీ గుర్తుకు రాలేదు. మాటలన్నీ పడింది మా చెల్లి. ఒకరోజు ఫోన్ చేసి ఏడిచింది. నేను ఓదార్చబోయాను.

"నువ్వు కావాలని చెయ్యలేదని నాకు తెలుసే. వాళ్లంటే పిచ్చోళ్లు. కానీ ఒక్క గంట ఆపమని నేనడిగితే నువ్వు ఆపలా. అది మాత్రం నిజమే గదా?"

నిజమే. అబద్ధమాడి ఉంటే పోయేది, తప్పయిందే అని ఏడిచి ఉన్నా పోయేది. "ఇప్పుడడిగినా ఆపనే" అన్నాను. ఫోన్ పెట్టేసింది. అప్పటి నుంచి పండగలకి మాత్రమే చేసేది, ఎవరో పక్కన కూర్చుని చేయిస్తున్నట్టు బాగున్నావా, బాగున్నా అని.

హాల్లో తీగలు లాగిన ఎలక్ట్రీషియన్ నరసరావుపేటలో పాత మెకానిక్కుల కుటుంబం నుంచి వచ్చినాయన, నాకంటే పెద్ద. ఒకరోజు ఆయన ఫోన్ చేశాడు. "చెల్లెమ్మా, ఓనరు ఆ పొగ పెట్టెకి పొయ్యే తీగలు కోసెయ్యమన్నాడు. వద్దని చెప్పా, వినలా. కోసేశా. నీకు చెప్పకపోతే మనసొప్పక ఫోన్ చేశా." నేను కంపెనీకి చెప్పాను. అప్పగించేసిన పని, వాళ్లిష్టం అన్నారు. యజమానికి ఫోన్ చేస్తే ఎత్తలేదు. ఎవరికి చెప్పాలో వాళ్లందరికీ చెప్పి చూశాను. ఆ హాలు మాత్రం ముహూర్తాల రోజుల్లో ఖాళీ ఉండటం లేదు.

మొన్న చెల్లి దానంతట అదే ఫోన్ చేసింది. కూతురికి పుట్టినరోజు చేస్తున్నారట, అదే హాల్లో, మధ్యాహ్నం భోజనాలు.

"ఇప్పుడు మోగేది ఏం లేదంట, తీసేశారంట. మా అత్తయ్య కూడా పర్లేదంది. రావే," అంది.

వెళ్లాను. చాలా రోజులకి చెల్లి నన్ను పట్టుకుని కాసేపు వదల్లేదు. పాపని నా చేతిలో పెట్టి "పెద్దమ్మే, పెద్దమ్మ" అని చూపించింది. దాన్ని ఎత్తుకుని హాలంతా తిరిగాను. పిలవనివాళ్లు భోజనాలకి వస్తున్నారని వెనక తలుపులకి గొలుసులు వేసి తాళాలు బిగించారు. అలారం పెట్టె మీద దీపం వెలగడం లేదు. నేను వెళ్లి తెరిచి ఉన్న ఒకే ఒక్క తలుపు పక్కన నిలబడ్డాను. పాప నా మెళ్లో గొలుసుతో ఆడుకుంటోంది. అక్కడైతే నాకు ఊపిరి ఆడుతుంది.

అత్తగారు వెతుక్కుంటూ వచ్చింది. "ఇక్కడ నిలబడ్డావేంది? కేకు కోయాలి," అని పాపని నా చేతుల్లోంచి తీసుకుంది. రెండడుగులు వేశాక, పక్కనున్నావిడతో "ఎందుకైనా మంచిది, దిష్టి తీయాలి" అనడం వినపడింది. పాపని స్టేజీ మీదికి తీసుకెళ్లారు. పాట హోరెత్తింది. మిషన్లు బుసకొట్టాయి. పొగ కేకుని, పాపని, మా చెల్లిని కప్పేసి, పాత దారిన జాలీలోకి పాకింది. పాప పొగని గుప్పిట పట్టబోయి కిలకిలా నవ్వింది. ఏసీ హోరు అలాగే ఉంది. ఎక్కడా ఏమీ మోగలేదు.

"ప్రమాదం," అన్నాను నేను, తలుపు పక్కన నిలబడి, ఆ పాటలో నాకే వినపడకుండా. "దయచేసి అందరూ వెంటనే బయటికి వెళ్లండి."

ఒక్కరూ కదల్లేదు. పొగ కాస్త విడిపోయినప్పుడు స్టేజీ మీద నుంచి మా చెల్లి నా వైపు చూసింది. నా పెదాలు చూసింది. ఆ మాటలు దానికి కంఠతా వచ్చు. మొహం తిప్పుకుని కేకు కోసింది.